ఎనిమిది వందల ఎనభై గ్రాముల అసూయ

ఆ రోజుల్లో నాకు బుద్ధి తక్కువ, ఉత్సాహం ఎక్కువ, చేతిలో పని శూన్యం. ఇది చదివి మీరు నా పద్దెనిమిదో ఏటి సంగతి అనుకుంటే పొరపాటు. పద్దెనిమిదో ఏట నేను చాలా బుద్ధిమంతుణ్ణి. కావాలంటే అప్పటి డైరీలు చూపిస్తాను. వాటిలో వాన పడిందా లేదా, ఏం కూర తిన్నాను, ఎన్ని పేజీలు చదివాను అన్నవి తప్ప ఇంకేమీ ఉండవు. నేను చెప్పబోయేది అరవై ఒకటో ఏటి సంగతి. రైల్వేలో పార్సిల్ గుమస్తాగా ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి, మెడలో దండ వేయించుకుని, పలాసలో ఇంటికొచ్చి కూర్చున్న తొలి ఏడాది. ఉద్యోగం వదిలిన మగవాడికి ఆ ఏడాది మళ్లీ పుట్టినట్టే ఉంటుంది. ఏ వేళకి ఏం చేయాలో తెలియదు. ఎవరూ పట్టించుకోకపోతే ఏడుపొస్తుంది. పక్కవాళ్ల చేతిలో ఏదుంటే అదే కావాలనిపిస్తుంది. కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే జమ వేసుకోండి.

ఆ ఏడాది నాకు కావలసివచ్చింది మా ఆవిడ. పెళ్లయిన ముప్పై అయిదేళ్లూ కళ్లెదుటే తిరిగిన మనిషిని ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను సరిగ్గా చూసింది తక్కువ. (చూశానని ఆమె ముందు వాదించి లాభం లేదు. నా డైరీల్లో ఆలస్యంగా వచ్చిన బళ్ల వివరాలున్నంతగా ఆమె వివరాలు లేవు.) తీరా నాకు తీరిక దొరికేసరికి ఆమెకి తీరిక లేకుండా పోయింది. షుగరు వచ్చింది, రోజూ నడవాలి అన్నారు డాక్టరుగారు. నడకంటే నాతోనే కదా అని కొత్త కాన్వాసు బూట్లు కొనుక్కుని తయారయ్యాను. కానీ నాకంటే ముందు పీఈటీ మేడం వచ్చేశారు. టెక్కలి వైపు బళ్లలో పిల్లలకి ఆటలు నేర్పి రిటైరై, మా వీధి చివర ఇల్లు కట్టుకున్నావిడ. పొడుగ్గా, నిటారుగా ఉంటారు. మెడలో ఈల లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. తెల్లవారగానే ఏడుగురు ఆడవాళ్లని వెంటేసుకుని రైలుగేటు దాటి జీడితోటల దాకా వెళ్లి వచ్చేవారు. ఆ ఏడుగురిలో మా ఆవిడ ఒకతె. మగవాళ్లకి ప్రవేశం లేదు. నా బూట్లు పెట్టెలోనే ఉండిపోయాయి.

అప్పటి నుంచి మా ఇంట్లో అన్ని మాటలూ ‘మేడం సెప్పారు’తో మొదలయ్యేవి. నీళ్లు కూర్చుని తాగాలట, మేడం సెప్పారు. రాత్రి పూట చపాతీ తినాలట, మేడం సెప్పారు. ఉల్లిపాయ ఇలా తరగాలట, (అది కూడా) మేడం సెప్పారు. ఒకరోజు కుతూహలం కొద్దీ లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాను: ‘ఆకాశం మబ్బుగా ఉంది. కాకరకాయ కూర. మేడం ప్రస్తావన పదకొండు సార్లు.’ ఉల్లిపాయ ముప్పై అయిదేళ్లుగా మా ఆవిడే తరుగుతోంది, ఏనాడూ నా సలహా అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి కాదా?

ఒక పొద్దున్న నడక నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే అంది. “ఏటండీ, వచ్చే నెల్లో నాలుగు రోజులు నేనింట్లో ఉండను.”

“ఎక్కడికి?”

“నౌపడ ఉప్పుమళ్ల కాడ మొదలెట్టి, సముద్రం ఒడ్డునే బారువ మీంచి కవిటి దాకా. నడిసే ఎల్తాం. రాత్రయ్యేసరికి దారిలో తెలిసినోళ్ల ఇళ్లల్లో తొంగుంటాం.”

“ఎవరెవరు?”

“ఆడోళ్లమే. మేడం, మేం ఏడుగురం.”

ఆ ‘ఆడోళ్లమే’ అన్న మాట దగ్గర ఆమె గొంతులో వినిపించిన హుషారు మా పెళ్లినాడు కూడా నేను విన్న గుర్తు లేదు. “మరి నేను?” అన్నాను. “మీకు మోకాలి నొప్పి కదా!” అంది వెంటనే. నా మోకాలి సంగతి ఆమెకి అంత కచ్చితంగా గుర్తుండడం అదే మొదటిసారి.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. తరవాతి మాటే నన్ను రెచ్చగొట్టింది. నాలుగు రోజుల సామాను వీపు మీద మోసుకుంటూ నడవాలి కాబట్టి మంచి తేలికైన సంచి కావాలట. మేడం దగ్గర ట్రెక్కింగుకి వాడే సంచులు రెండున్నాయట. ఒకటి ఇస్తానన్నారట. “ఎంత తేలికనుకున్నారు! ఒక్క వేలితో ఎత్తి సూపించారు” అంటూ తన చూపుడువేలు ఎత్తి నాకు చూపించింది. ఆ ఖాళీ వేలిని చూస్తే నాకు ఒళ్లు మండింది. ముప్పై ఎనిమిదేళ్లు బరువులు తూచి, కొలతలు కొలిచి, బుట్టలూ పెట్టెలూ మూటలూ దేశమంతా పంపిన మనిషి ఇంట్లో ఉండగా, మా ఆవిడ వీపు మీద నాలుగు రోజులు పీఈటీ మేడం సంచి!

“ఆవిడ సంచి అక్కర్లేదు. నేను ఎంచుతాను” అన్నాను.

ఆమె ఎత్తిన వేలు దించింది. “సరే, ఎంచండి. పై ఆదివారం కాదు, ఆ పై ఆదివారం బారువలో ట్రయలు నడకుంది. ఆ పూట మీ సంచే ఏసుకుంటాను. కుదిరిందా, నాలుగు రోజులూ అదే. కుదరకపోతే మాత్రం మేడందే. మళ్లీ మూతి ముడుసుకోకూడదు.”

ఆ పన్నెండు రోజులూ పడ్డంత కష్టం నేను ఉద్యోగంలో కూడా పడలేదు. కొత్త నోటు పుస్తకం తెరిచి గళ్లు గీశాను. సెల్‌ఫోనులో సంచులు చూడడం మొదలుపెట్టాక మొదట నాకు మతి పోయింది. బట్టలు పెట్టుకునే సంచిని వాళ్లు లీటర్లలో కొలుస్తారు. ముప్పై లీటర్లు, నలభై లీటర్లు, యాభై లీటర్లు. (కిరసనాయిలు క్యూలో పెరిగినవాణ్ణి, నాకు అలవాటు పడడానికి రెండు రోజులు పట్టింది.) తరవాత తెలిసిన సంగతి ఇంకా పెద్దది: ఆడవాళ్లకి సంచి వేరే. వీపు భాగం పొట్టిగా ఉంటుంది. భుజాల పట్టీలు తిన్నగా కాకుండా వంపు తిరిగి ఉంటాయి. నడుముకి ఒక బెల్టు ఉంటుంది. అది తుంటి ఎముకల మీద సరిగ్గా కూర్చుంటే బరువంతా నడుమే మోస్తుంది, భుజాలకి పని ఉండదు. ఇదంతా కుదరాలంటే ముందు మనిషి వీపు కొలవాలి. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి, తుంటి ఎముకల ఎత్తు దాకా.

టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ చేపల పులుసు కలుపుతోంది.

“మెడ వంచు.”

“ఏటండీ ఆ టేపు? జాకెట్టు కుడతారేటి నాకు?”

“కదలకు. నడుం ఎముక ఎక్కడుంది?”

“ఉండాల్సిన కాడే ఉంది. సన్నగా గిలిగింతలెడతంది, తియ్యండా టేపు. పులుసు మాడిపోతాది!”

మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పదిహేనున్నర అంగుళాలే వచ్చింది. నేను అంకె రాసుకుంటుంటే గరిటె పట్టుకుని వెనక్కి తిరిగి, “ముప్పై అయిదేళ్లకి గుర్తొచ్చిందా కొలవడం!” అంది. అది వెక్కిరింతో ఇంకేమిటో నాకు అర్థం కాలేదు. దాన్ని కూడా రాసుకున్నాను.

ఇక మేడం సంచి బరువు తెలియాలి కదా. పోటీదారు బరువు తెలియకుండా పోటీ ఎలా? మా ఆవిడ ఒకరోజు చూపించడానికని మేడం ఇస్తానన్న నీలంరంగు సంచిని ఇంటికి తెచ్చింది. ఆమె స్నానానికి వెళ్లగానే దాన్ని మడిచి గుడ్డసంచిలో దాచుకుని, కాశీబుగ్గలో మా బావమరిది జీడిపప్పు కొట్టుకి పరిగెత్తాను. గ్రాము తేడా కూడా చూపించే ఎలక్ట్రానిక్ కాటా ఉంది వాడి దగ్గర.

“ఏటి బావా, దొంగసొత్తులాగ సంకలో ఎట్టుకుని వత్తన్నావు?” అన్నాడు వాడు.

“మాట్లాడకుండా తూచు.”

తొమ్మిది వందల ముప్పై గ్రాములు. నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి చుట్టూ గడి గీశాను. సంగతంతా విని మా బావమరిది, “నడుం మీద బరువు మొయ్యడానికి ఇన్ని లెక్కలేటి బావా! మా అప్ప (మా వైపు అక్కని అప్ప అంటారు) సిన్నప్పుడు కంచిలి తోటలో నూతి కాణ్ణించి బిందె సంకనెట్టుకుని ఎలా వచ్చేదో నీకు తెల్దు. అప్పుడెవుడు కొలిసాడు?” అన్నాడు. సమాధానం తోచనప్పుడు నేను ఎదటివాడి కాటా శుభ్రంగా లేదంటాను. అదే అన్నాను.

మూడు సంచులు తెప్పించాను. మొదటిది ఎర్రది; వీపు రెండంగుళాలు పొడుగు, వెనక్కి పంపేశాను. రెండోది కాగితమంత తేలిక గానీ నడుం బెల్టు ఉత్త దారంలా ఉంది, అదీ వెనక్కి. మూడోది ముదురు ఆకుపచ్చది. ముప్పై అయిదు లీటర్లు. వీపు కొలత సరిగ్గా పదిహేనున్నర. కాటా మీద పెట్టాను. ఎనిమిది వందల ఎనభై గ్రాములు! మేడం సంచి కంటే యాభై గ్రాములు తక్కువ. కొట్లో జీడిపప్పు ఏరుతున్న ఆడవాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా నవ్వానట. నాకు తెలియదు, మా బావమరిది చెప్పాడు. ఆ ఊపులోనే అందులో అయిదు కిలోల జీడిపప్పు పోయించి, నేనే తగిలించుకుని కొట్టు వెనక దొడ్లో నాలుగు చుట్లు నడిచాను. ఆడవాళ్ల కొలతకి చేసిన సంచి కదా, ఛాతీ పట్టీ సరిగ్గా నా పీకకి వచ్చింది. నడుం బెల్టు పక్కటెముకల దగ్గర ఆగిపోయింది. ముఖం జేవురించి, నోరు తెరుచుకుని, చేతులు ఆడిస్తూ తిరుగుతున్న నన్ను చూసి మా బావమరిది గోడకి జారబడిపోయాడు. “బావా, అప్ప ఇంట్లోంచి ఎల్లగొట్టీసిందని సెప్పనా ఎవురైనా అడిగితే?” అన్నాడు.

శనివారం సాయంత్రం సంచి సర్దే పని కూడా నేనే తీసుకున్నాను. మా ఆవిడ వద్దంది. “నా వృత్తి అది” అన్నాను. ఇక్కడ నా వృత్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పార్సిలంటే బయలుదేరినప్పుడు ఎలా ఉందో చేరినప్పుడూ అలాగే ఉండాలి. అందులో వస్తువు కదలకూడదు, దారిలో ఎవరి వేలూ లోపలికి దూరకూడదు. కుట్టు లేని మూటని, ముడి లేని పెట్టెని, పేరు లేని బుట్టని నేను ఏనాడూ బండెక్కించలేదు. అదే పద్ధతిలో పనిచేశాను. బరువైన వస్తువులు అడుగున, తేలికవి పైన, సందుల్లో బట్టలు కుక్కాను. మంచినీళ్ల సీసా, బిస్కెట్లు, బెల్లం ముక్కలు భద్రంగా నడిమధ్యలో పెట్టాను. సంచికి రెండు పక్కలా వలలాంటి జేబులున్నాయి, నోరు తెరుచుకుని. వాటిని చూడగానే నాకు ముచ్చెమటలు పోశాయి. దబ్బనం తీసుకుని రెండింటినీ కుట్టేశాను. జిప్పులు దారిలో జారిపోకుండా వాటి కొసల్లోంచి పురికొస దూర్చి, సంచిని నిలువునా అడ్డంగా బిగించి, మా ఆఫీసులో అందరూ నా దగ్గర నేర్చుకున్న ముడి వేశాను. చివరికి గట్టి గుడ్డముక్క మీద నల్ల సిరాతో రాసి సంచి వెనక కుట్టాను. ఏం రాశానన్నది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున్న బస్టాండులో మా ఆవిడ ఆ కట్లు చూసి, “ఇదేటండీ, మేకని కట్టినట్టు కట్టీసారు!” అంది. “దారిలో ఏదీ జారిపోకుండా” అంటూ నేనే వీపుకి తగిలించి, బెల్టు బిగించాను. గుడ్డ మీది రాత వెనకవైపు ఉంది కాబట్టి ఆమె చూడలేదు. బస్సు వచ్చేసింది. మేడం కిటికీలోంచి చెయ్యి ఊపారు. నేను ఊపలేదు.

నన్నెవరూ రమ్మనలేదు కాబట్టి నేను తరవాతి బస్సుకి వెళ్లాను. బారువలో ఎండుచేపలు బాగుంటాయి. ఎండుచేపలు కొనుక్కోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. అరకిలో కొని, ఒడ్డుకి లాగి ఉన్న పడవ చాటున కూర్చున్నాను. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి ఒకడు కాసేపు నన్ను గమనించి, “ఏటి బాబూ, సేపలు కొన్నావు కదా, ఇంకా కూకున్నావేటి?” అన్నాడు.

“గాలి కోసం.”

“మీ ఊర్లో గాలి నేదేటి?”

అంతలో దూరంగా ఎనిమిది మంది కనిపించారు. ముందు మేడం, వెనక మా ఆవిడ, ఆమె వెనక మిగతావాళ్లు. వెనకవాళ్లంతా మా ఆవిడ సంచి వైపు చూస్తూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. మా ఆవిడ మాత్రం ఎందుకో తెలియక వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. నడక నాకు తేడాగా అనిపించింది. సంచి ఆమెని వెనక్కి లాగుతోంది. అడుగున బరువు పెట్టాను కదా. పార్సిల్ పెట్టెలో అది మంచి పద్ధతే, పెట్టె నడవదు కనక. పడవకి యాభై గజాల దూరంలో మా ఆవిడ ఆగి, నుదురు పట్టుకుంది. గాలి ఇటే వీస్తోంది, మాటలు నా దాకా వచ్చాయి.

“మేడం, కళ్లు తిరుగుతన్నాయి.”

“కూకో వదినా, కూకో. పొద్దున్న టిఫిన్ సరిగ్గా తిన్నేదు కదూ? బిస్కెట్లేవి?”

“సంచిలో.”

మేడం ఆమె వీపు మీది సంచి దింపి, జిప్పు కోసం వెతికారు. పురికొస. ముడి పట్టుకుని లాగారు. అది రాలేదు. పక్క జేబులో వేలు పెట్టబోయారు. “ఇదేటి వదినా, ఇది కుట్టేసుంది!” మిగతా ఆడవాళ్లు తలో వైపు లాగారు. ఒకావిడ పళ్లతో ప్రయత్నించింది. నా ముడి కదల్లేదు. ఒక్క క్షణం, సిగ్గుతో చెబుతున్నాను, నాకు గర్వంగా కూడా అనిపించింది. మరుక్షణం మా ఆవిడ ముఖం పాలిపోయి ఉండడం చూశాను.

నేను లేచి పరిగెత్తాను. కానీ ఇసకలో అరవై ఒక్కేళ్ల మోకాళ్లతో యాభై గజాలంటే చాలా దూరం. నేను సగం దూరం వెళ్లేలోగా మేడం తన వీపు మీది సంచి దింపను కూడా దింపకుండా, చెయ్యి వెనక్కి పోనిచ్చి పక్క జేబులోంచి బెల్లం ముక్క తీసి మా ఆవిడ నోట్లో పెట్టారు. ఇంకో జేబులోంచి నీళ్లు. రెండు నిమిషాల్లో మా ఆవిడ ముఖంలోకి రంగు వచ్చింది. నేను ఎండుచేపల పొట్లం పట్టుకుని, రొప్పుతూ వాళ్ల మధ్య నిలబడేసరికి నా అవసరం పూర్తిగా తీరిపోయింది.

“అన్నయ్యగారూ! మీరెక్కణ్ణించి వచ్చారు?” అన్నారు మేడం.

ఎండుచేపల పొట్లం చూపించాను. ఎవరూ నమ్మలేదు. కనీసం ముడి విప్పి పరువు దక్కించుకుందామని కూర్చున్నాను. సముద్రపు తేమకి పురికొస ఉబ్బి రాయిలా అయింది. నేను వేసిన ముడి నాకే విడలేదు. చివరికి పడవ దగ్గరి జాలరి వచ్చి, వల కోసే కత్తితో పుటుక్కున తెంచేశాడు. తెంచి, సంచి తిప్పి, “ఇదేటో రాసుంది సూడండి” అన్నాడు. మేడం వంగి, బళ్లో పాఠం చదివినట్టు చదివారు. పంపినవారు: నా పేరు, పలాస. పుచ్చుకొనువారు: నా పేరు, పలాస. కింద బాణం గుర్తు వేసి, ‘ఈ వైపు పైకి’.

జాలరి కత్తి మొలలో దోపుకున్నాడు. “అయితే ఈ అమ్మ ఎక్కడికీ ఎల్లనట్టే లెక్క” అన్నాడు.

నవ్వులు సముద్రం అవతలికి కూడా వినిపించి ఉంటాయి. మా ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుంది. సోంపేట దాటాక, కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా అంది. “రెండు వేపులా మీ పేరే రాసుకున్నారు. మధ్యన మోసింది నేను కదండీ. నా పేరేదీ?”

ఆ రోజు డైరీలో వాతావరణం ఒక్కటే ఉంది. ఇంటికొచ్చాక గుడ్డముక్క ఊడదీసి, తెంచిన పురికొసతో పాటు బావమరిది కాటా మీద మాత్రం తూచి వచ్చాను. అరవై గ్రాములు. అంటే నా పుణ్యమా అని నా సంచి మేడం సంచి కంటే పది గ్రాములు బరువెక్కింది.

సోమవారం సాయంత్రం మేడం బ్లేడు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పందెం ఓడిపోయాను కాబట్టి తన సంచి ఇచ్చి వెళ్లడానికి వచ్చారనుకుని నేను పేపరు చాటున దాక్కున్నాను. ఆవిడ నేల మీద కూర్చుని నా కుట్లన్నీ ఓపిగ్గా విప్పారు. నేను పేరు గుడ్డ ఊడదీసిన చోట చిన్న చిన్న రంధ్రాలు మిగిలాయి. సామాను బయటికి తీసి, బరువైనవి వీపుకి ఆనేలా, నీళ్లు పక్క జేబులో పెట్టి, మా ఆవిడకి తగిలించి బెల్టు బిగించారు. చుట్టూ ఒకసారి తిరిగారు. ఇంకోసారి తిరిగారు. “అటు నడు వదినా. ఇటు నడు” అన్నారు. తరవాత పేపరు వైపు తిరిగి, “అన్నయ్యగారూ, ఈ బ్యాగు ఎవరు ఎంచారు?” అన్నారు.

“నేనే” అన్నాను పేపరు దించకుండా.

“అతికినట్టుందండి. నా బ్యాగు షాపోడిచ్చింది ఇచ్చినట్టే ఏసుకున్నాను. ఇన్నేళ్లూ దాని బెల్టు పొట్ట మీదే ఉంటాంది, ఎందుకా అనుకునేదాన్ని. నా వీపు కొలిసినోళ్లెవరూ నేరు కదా!” అని పెద్దగా నవ్వారు. ఆవిడ ఒక్కరే నవ్వారు. మా ఆవిడ లోపలికి వెళ్లి టేపు తెచ్చి, “అటు తిరుగు మేడం” అంది. పద్దెనిమిది అంగుళాలు. నేను పేపరు మడిచి, నోటు పుస్తకం తెరిచి, ఇంకో గడి గీశాను. గీస్తూ కూడా, వంటింట్లో నా టేపుకి మెలికలు తిరిగిన మనిషి మేడం వీపు మీద టేపుని ఎంత శ్రద్ధగా సరిచేస్తోందో చూసి కుళ్లుకున్నానని నిజం చెప్పాలి.

పేరు మళ్లీ రాసి పెట్టనా అని మా ఆవిడని అడిగాను, ఈసారి ఆమె పేరే. “నా పేరు నేనే రాసుకుంటాను” అని బాల్ పెన్ను తీసుకుని సంచి లోపలి వైపు రాసుకుంది.

నాలుగు రోజుల నడకకి మా ఆవిడ, మేడం ఇద్దరూ నేను ఎంచిన సంచులతోనే వెళ్లారు. రోజూ సాయంత్రం ఫోను వచ్చేది. ఇసకలో తాబేలు నడిచిన జాడ చూశామంది. ఎవరో కొబ్బరితోటాయన ఎనిమిది మందికీ బోండాలు కొట్టిచ్చాడంది. కాళ్లకి బొబ్బలు లేవంది, సూర్యుడు సముద్రంలోంచి వచ్చాడంది, మేడం పాట పాడారంది. నేను ప్రతిదానికీ ‘ఊ’ కొడుతూ సంచి మాట కోసం కాచుకునేవాణ్ణి. రాలేదు. నాలుగో సాయంత్రం ఇంటికొచ్చి, సంచి మూల పెట్టి, రెండు పళ్లేల అన్నం తిని నిద్రపోయింది. మర్నాడు కాఫీ వేళకి ఇక ఆగలేక అడిగేశాను.

“సంచి ఎలా ఉంది?”

మా ఆవిడ గ్లాసు మీంచి తలెత్తింది. “ఏ సంచి?”

నేను కాఫీ సగంలో వదిలేసి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. పీఈటీ మేడం పాలపాకెట్లు తీసుకుని వస్తూ, “ఏటన్నయ్యగారూ, అలా ఉన్నారు?” అన్నారు. ఉండబట్టలేక చెప్పేశాను. ఆవిడ ఆగి, నవ్వి, “మోసినన్నాళ్లూ గుర్తు రాలేదంటే అంతకంటే మంచి సంచి ఇంకేటుంటాది అన్నయ్యగారూ!” అని వెళ్లిపోయారు.

ఇది జరిగి ఏడేళ్లయింది. ఆనాటి పేజీ తీసి చదువుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, వీధిలో నిలబడ్డ ఆ మనిషి భుజం తట్టి లోపలికి తీసుకుపోవాలనిపిస్తుంది. తన గురించి అంత మంచి మాట జన్మలో ఎవరూ అనలేదని అతనికి తెలియకపోలేదు. కానీ ఆ మాట ఇంట్లోంచి రాకుండా వీధిలోంచి, అందులోనూ ఆవిడ నోటి నుంచి వచ్చిందని, అరవై ఒక్కేళ్ల ఆ కుర్రవాడు ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు.